పదకొండు మాటలు

పొద్దుట ఎనిమిదికి కాశీబుగ్గలో
జీడిపప్పు బల్ల ముందు కూర్చుంటాను.
గుండు ఒక పక్క, బద్ద ఒక పక్క,
ముక్క ఇంకో గిన్నెలో.
వేలు తగిలితే చాలు, కళ్లు మూసుకుని చెప్తాను
ఏది నిండుగా ఉందో, ఏది విరిగిందో.
అలాంటిదాన్ని,
ఇంట్లో మూడేళ్ల పిల్లాడి నోట
మాట నిలవడం లేదని ఒప్పుకోడానికి
ఏడాది పట్టింది.

"బూ" అంటే నీళ్లు.
వీధిలోకి వేలు పెట్టి "బూ" అంటే బస్సు.
రాత్రి డాబా మీద "బూ" అంటే చందమామ.
మూడూ నాకు తెలుసు.
నాకు తెలుసు గనక వాడికి వచ్చనుకున్నాను.
అడక్కముందే గ్లాసు, అడక్కముందే ముద్ద.
వాడి నోరు నేనై తిరిగాను,
అదేదో గొప్పయినట్టు.

మా అత్త తవిటమ్మ:
"వస అరగదీసి నాకించేను గదే, ఏటి నీ బెంగ?
ఈడి బాబు నాలుగేల్లకి గానీ నోరిప్పనేదు.
ఇప్పుడు ఆటో స్టాండులో ఆడి నోటికి ఎదురుందేటి?"
నిజమే, లేదు.
ఆ నిజం మీద ఇంకో ఆర్నెల్లు కూర్చున్నాను.

ఎదురింటి లిఖిత, వీడికంటే రెండు నెలలు చిన్నది,
"మా నాన్న నాకు ఎర్ర చెప్పులు కొన్నాడు,
నీకు కొననేదు" అని వెక్కిరించింది.
వీడు ఆ చెప్పులు చూసి నవ్వాడు.
నేను లోపలికెళ్లి గిన్నెలు తోమాను,
తోమినవే.

ఆషాఢం ఉక్కలో ఒక సోమవారం
డ్యూటీ దిగి వచ్చేసరికి వీధి చివరికే ఏడుపు.
గంట నుంచీ అట.
పాలిచ్చింది అత్త, బిస్కట్టిచ్చింది, ఫోనిచ్చింది,
చివరికి ఒకటిచ్చింది.
వాడు నా చెయ్యి పట్టుకుని
తన వీపు మీద పెట్టుకున్నాడు.
చొక్కా విప్పితే గండుచీమ.
మెడ నుంచి నడుం దాకా ఎర్రటి దద్దుర్లు.
చీమ అనే ఒక్క మాట
వాడి దగ్గర లేదు.

ఆ రాత్రి అత్త కూడా మాట్లాడలేదు.

అంగన్వాడీ ఢిల్లేశ్వరి టీచరు అడిగింది,
"ఎన్ని మాటలమ్మా?"
"అన్నీ అర్థమవుతాయండి వాడికి."
"అది కాదు. వాడు అనేవి రాయి.
నీకు తెలిసినవి కాదు."
కూలి చీటీ వెనక రాశాను.
"బూ"ని మూడుసార్లు లెక్కేసుకున్నా
పదకొండు దాటలేదు.
రైలు కూతేస్తే పరిగెడతాడు,
చెవుడెలా అవుతుందని మా ఆయన.
"కూత వినడం వేరు, మాట వినడం వేరు,
అదీ చూపిద్దాం" అందామె.

శ్రీకాకుళం బస్సు, పెద్దాసుపత్రి, మేడ మీద గది.
ముందు చెవులు చూశారు. బాగానే ఉన్నాయి.
తర్వాత ఒక చిన్నమ్మాయి, నా చెల్లెలి వయసుది,
సబ్బు బుడగలు ఊదింది వాడి ముందు.
ఒకసారి ఊది, సీసా మూసి, ఆగింది.
వాడు నా మొహం చూశాడు.
నా నోట్లోకి మాట వచ్చేసింది.
ఆమె చెయ్యి అడ్డం పెట్టింది:
"ఆగండి. పది దాకా లెక్కపెట్టుకోండి."
పది అంత దూరమని
నాకు అప్పటిదాకా తెలీదు.
ఏడు దగ్గర వాడి పెదాలు కలిశాయి.
"బు" అన్నాడు.
అది పాత బూ కాదు, పొట్టిది, కొత్తది.
బుడగలొచ్చాయి గదంతా.

"ఇంకా ముందు తేవాల్సింది" అని ఆమె అనలేదు.
అంటే బాగుండునని కూడా అనిపించింది.
వచ్చే గురువారం రమ్మంది, ఆ పై గురువారమూ.
ఒక్కో గురువారం ఒక రోజు కూలి.
పోనీ.

ఇప్పుడు సాయంత్రం.
గట్టు మీద పంచదార డబ్బా,
దాని చుట్టూ చీమల బారు.
వాడు చూస్తున్నాడు. నన్ను చూస్తున్నాడు.
"సెప్పీవే పాపం" అంటోంది అత్త వెనక నుంచి.
చెప్పను.
తొమ్మిది దగ్గరున్నాను.